బ్రేమెన్ చర్చి మెట్ల మీద చీపురు

బ్రేమెన్‌లో రైలు దిగిన గంటలోనే గెర్లిండె ఆ ఊరికి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున ఎదురైనా పలకరింపుగా "మొయిన్" అంటారు, సాయంత్రం ఎదురైనా "మొయిన్" అంటారు. అంతకు మించి ఒక్క మాట అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. ఊరంతా చపాతీ పీటలా చదును, ఎక్కడానికి చిన్న గుట్టైనా లేదు. పైనుంచి పడేది వానో మంచో తేల్చుకునేలోపే కోటు తడిసిపోతుంది. దక్షిణాన ఎస్లింగెన్ కొండల్లో, ద్రాక్షతోటల మధ్య యాభై తొమ్మిదేళ్లు బతికిన మనిషికి ఇదంతా ఎలా నచ్చుతుంది?

అయినా ఆవిడ వచ్చింది ఊరు చూడడానికి కాదు, డీడ్రిష్‌ని చూడడానికి. నిరుడు మోకాళ్ల వైద్యానికి ఇద్దరూ ఒకే వేడినీళ్ల స్నానాల ఊరికి వెళ్లారు, అక్కడ పరిచయం. ఆయనకు అరవై నాలుగు. నలభై ఏళ్లు వేసర్ నదిలో ఓడలకు దారి చూపించిన పైలట్. ఆయనకీ పెళ్లి కాలేదు, ఆవిడకీ కాలేదు. అప్పటి నుంచి వారానికో ఉత్తరం, నాలుగేసి పేజీలు. ఎంత కబుర్లపోగు ఉత్తరాలనుకున్నారు! ఆఖరి దాంట్లో, "ఒకసారి మా ఊరు రండి. వచ్చాక మిమ్మల్ని ఒక మాట అడుగుతాను" అని రాశాడు. ఆ మాటేమిటో తెలియనంత అమాయకురాలు కాదు గెర్లిండె.

తీరా వస్తే ఆ మనిషి బెల్లం కొట్టిన రాయి. స్టేషన్లో "వచ్చారా?" అన్నాడు. "వచ్చాను" అంది. అక్కడితో సరి. రేవు చూపించాడు, పాత సందులు చూపించాడు. క్యాబేజీకి దూరపు చుట్టంలాంటి ఏదో ఆకుకూరను ముద్దగా ఉడికించి, వోట్స్ కూరిన సాసేజ్‌తో వడ్డించాడు. చూస్తేనే గుండె జారింది గానీ, ఆవిడ రెండోసారి పెట్టించుకుంది. టౌన్‌హాల్ పక్కన కంచు గాడిద ఉంటే, జనం దాని ముందుకాళ్లు పట్టుకుని కోరికలు కోరుకుంటున్నారు. గెర్లిండె కూడా ఒక చేత్తో ఒక కాలు పట్టుకుంది.

"రెండు చేతులతో రెండు కాళ్లూ పట్టుకోవాలండీ. ఒక చేత్తో పట్టుకుంటే ఓ గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు" అన్నాడు డీడ్రిష్.

మూడు రోజుల్లో ఆయన నోట వచ్చిన అతి పెద్ద మాట అదే. అడుగుతానన్న మాట మాత్రం రాలేదు.

మూడో రోజు సాయంత్రం ఆరింటికి రైలు. ఈలోగా అడిగాడా సరేసరి, అడగలేదా ఇంటికి పోవడమే, మళ్లీ ఉత్తరం ముక్క రాసేది లేదు. గెర్లిండె గట్టిగా అనుకుంది. అనుకుంది గానీ, ఆ మనిషి ఆవిడకు నిజంగా నచ్చాడు.

మధ్యాహ్నం డీడ్రిష్ చెల్లెలు మెటా వచ్చి ఇద్దర్నీ పెద్ద చర్చి దగ్గరికి లాక్కుపోయింది. మెటా కొడుకు పేరు ఎన్నో, వాడికి ఆ రోజుతో ముప్పై నిండాయి. వాడు పొడుగు టోపీ, వెనక తోకలా వేలాడే కోటు వేసుకుని చర్చి మెట్లు ఊడుస్తున్నాడు. స్నేహితులు బీరు సీసాల మూతలు బస్తాలకొద్దీ తెచ్చి, ఊడ్చిన చోటే మళ్లీ గుమ్మరిస్తున్నారు.

"పిల్లాడికేం జబ్బు?" అంది గెర్లిండె.

"ముప్పై వచ్చినా పెళ్లి కాని జబ్బు" అని మెటా నవ్వింది. "ఏ కన్నెపిల్లో వచ్చి ముద్దుపెట్టేదాకా ఊడవాల్సిందే. మా ఊరి ఆనవాయితీ."

ఆ ఆనవాయితీ గెర్లిండె చెవికెక్కలేదు. ఆవిడ చూపంతా చీపురు మీదే ఉంది. ఎస్లింగెన్‌లో ప్రతి ఇంటికీ మెట్లు ఊడ్చే వారం ఒకటి ఉంటుంది. వంతు వచ్చినప్పుడు తలుపుకి పలక తగిలిస్తారు. ఆ వారం ఒక మెట్టు మీద నలుసు మిగిలిందా, వీధి వీధంతా ఏడాదిపాటు చెప్పుకుంటుంది. అలాంటి ఊరి మనిషి కళ్లెదుట ఆ కుర్రాడు కింది మెట్టు ముందు ఊడ్చి, తర్వాత పైమెట్టు ఊడుస్తున్నాడు! ఊరుకుంటుందా? తగుదునమ్మా అని పైకెక్కి చీపురు లాగేసుకుంది.

"ఇదా ఊడవడం? మీ అమ్మ నేర్పలేదూ? ఇటు తే!"

మూడు మెట్లు అద్దంలా చేసింది. ఎవడో వెనక నుంచి గుప్పెడు మూతలు విసిరాడు.

"ఎవడ్రా అది? రా, ఇలా రా. నువ్వే ఏరు!"

ఆరడుగుల మనిషి కిక్కురుమనకుండా వంగి మూతలన్నీ ఏరాడు. జనం ఈలలు వేశారు. మెటా కొడుకు చేతులు దులుపుకుని, "ఆంటీ, మీకు పెళ్లయిందా?" అన్నాడు.

"లేదు. అయితే?"

"ముప్పై దాటాయా?"

"నీ కళ్లకేమొచ్చింది?"

"అయితే ఇరుక్కున్నారు! చీపురు మీ చేతిలో ఉంది. ఎవరైనా బ్రహ్మచారి వచ్చి ముద్దుపెట్టేదాకా మీరు మెట్లు దిగడానికి లేదు."

"ముద్దు! ముద్దు!" అని చర్చి ముందు ఆవరణంతా హోరెత్తింది. గెర్లిండె మొహం కందగడ్డలా అయింది. సాయం కోసం చూస్తే డీడ్రిష్ కింద తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

మెటా పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "అన్నయ్యని ఏమీ అనకండి. ముప్పై నిండిన రోజు తనూ ఇక్కడే ఊడ్చాడు. ఒక్క పిల్లా రాలేదు. వాన పట్టుకుంటే స్నేహితులు ఒక్కొక్కరే జారుకున్నారు. పొద్దుగూకాక చర్చి కాపలా ఆయనే 'ఇంటికెళ్లు బాబూ' అని చీపురు తీసుకున్నాడు. అప్పట్నుంచి అన్నయ్య ఈ మెట్లు ఎక్కలేదు."

మెటా మాట పూర్తవుతుండగానే డీడ్రిష్ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నొప్పి మోకాలు ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టే. హోరు సద్దుమణిగింది. ముద్దుపెడతాడేమోనని గెర్లిండె బిగుసుకుపోయింది. ఆయన ముద్దు పెట్టలేదు. ఆవిడ చేతిలోంచి చీపురు తీసుకున్నాడు.

"నాది ఇంకా పూర్తవలేదండీ" అన్నాడు.

అద్దంలా ఉన్న మెట్టునే ఊడవసాగాడు.

"మావయ్యా, అక్కడ ఊడవడానికేం లేదు!" అన్నాడు ఎన్నో.

డీడ్రిష్ తలెత్తలేదు. "కాగితం మీదైతే ఎప్పుడో అడిగేవాణ్ణి" అన్నాడు చీపురుతోనే చెబుతున్నట్టు. "నోటితో రావడం లేదు. ఈసారి ఎవరూ రాకపోయినా ఊడుస్తాను. మీ రైలు వెళ్లేదాకా ఊడుస్తాను."

గెర్లిండె ఆయన దగ్గరికి జరిగింది. ఈ మనిషిని మూడు రోజులుగా మనసులో ఎన్ని తిట్లు తిట్టింది!

"ఆపండి. ముప్పై నాలుగేళ్లు ఊడ్చారు, చాలు" అని, ఊరందరి ముందూ ఆయనకి ముద్దుపెట్టింది.

ఆవరణ అదిరిపోయింది. డీడ్రిష్ పసివాడిలా ఏడ్చేశాడు. ఆవిడ ఆయన చేతిలోంచి చీపురు విడిపించి ఎన్నోకి అందించింది.

"పట్టుకో నాయనా, నీ కోసం ఇంకా ఎవరూ రాలేదు. శుభ్రంగా ఊడువు. నేనిక ఈ ఊళ్లోనే ఉంటాను, చూస్తుంటాను."