స్వామివారి కుడిచెవి

నేను ఒక చెవి మిషనును. చిక్కుడు గింజంత ఉంటాను. ఎక్కడో ఒక చల్లటి గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న అమ్మాయిలు నన్ను పట్టకార్లతో కూర్చారు. నాకు నేర్పిన విద్య ఒక్కటే. ఎదుటివాడు అన్నది అన్నట్టుగా చెవిలో వెయ్యడం. ఇంత చిన్న పని మనుషులకు ఎంత కష్టమో విమలబోధస్వామి దగ్గర చేరాకే తెలిసింది.

ఆయన పూర్వాశ్రమంలో కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేవారట. తర్వాత కొవ్వూరు అవతల గోదావరి గట్టున ఆశ్రమం పెట్టారు. అరవై ఎనిమిదో ఏట చెవులు మొరాయించాయి. ఆ సంగతి ఆయనకూ, ఆశ్రమంలో వంట చూసే చెల్లెలు సుభద్రమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడే ఆయన్ను రాజమండ్రి తీసుకెళ్ళి నన్ను కొనిపెట్టింది.

డాక్టరమ్మ నన్ను పెట్టగానే స్వామి ఉలిక్కిపడ్డారు. "ఫాను ఇంత చప్పుడు చేస్తుందా!" అన్నారు. ఆ ముఖంలో చిన్నపిల్లవాడి సంతోషం. ఆ వెంటనే అద్దం చూసుకున్నారు. సంతోషం పోయింది.

"తీసెయ్ సుభద్రా. అంతర్వాణి వినమని లోకానికి చెప్పేవాణ్ణి. నాకు బయటి వాణే వినపడదంటే నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ అన్నయ్యా. ఆ నవ్వైనా వినపడుతుంది."

ఆయన వినలేదు. అప్పటికే నన్ను తీసేశారు. హాల్లో ఆసనం పక్కనున్న బల్ల సొరుగులో, విభూతి పొట్లాల మధ్య నన్ను పడేశారు.

ఆ సొరుగు సందులోంచి చూశాను, చెవుడు మహత్తుగా మారడం. ఎవరేమడిగినా స్వామికి వినపడదు. కళ్ళు మూసుకుని చిరునవ్వు నవ్వి తల ఊపేవారు. ట్రస్టు అధ్యక్షుడు చక్రధరరావు, రిటైరైన ఇంజనీరు, దానికి మౌనోపదేశమని పేరు పెట్టాడు. ఒకడు పెళ్ళి చేసుకోనా అన్నాడు, ఇంకొకడు సన్యసించనా అన్నాడు. ఇద్దరికీ అదే నవ్వు. తర్వాత ఇద్దరూ అరటి గెలలు మోసుకొచ్చి కాళ్ళ మీద పడ్డారు. వాళ్ళకు కావలసిన జవాబు వాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి ఒక గడ్డం కావాలి, అంతే.

వాళ్ళను క్షమిస్తాను. ఈయన మాత్రం ఆ కథను తానే నమ్మడం మొదలుపెట్టారు.

"ఇది చెవుడు కాదు సుభద్రా. ఇంద్రియం లోపలికి మళ్ళింది."

"మళ్ళిందో, మొద్దుబారిందో నీకు తెలియదూ?"

"ఏమిటీ?" అన్నారు స్వామి.

ఒక గురువారం వీరవేణి వచ్చింది. జీడిపిక్కలు కొట్టే ఆవిడ, వేళ్ళకు నల్లటి మచ్చలు. పక్కన పన్నెండేళ్ళ కూతురు లోవ.

"అయ్యగారండీ, మా పిల్లకి మూర్ఛండి. మూడేళ్ళబట్టి రోజూ మాత్రలేత్తన్నానండి. ఇప్పుడు రావట్లేదండి. మీ తీర్థం చాలంటన్నారు అందరూ. మాత్రలు ఆపెయ్యమంటారా?"

స్వామి నవ్వారు. తల ఊపారు. పిల్ల నెత్తిన చెయ్యి పెట్టారు.

"ఇంకేం కావాలమ్మా?" అన్నాడు చక్రధరరావు.

పదకొండో రోజున లోవ టీ కాస్తూ మూర్ఛొచ్చి పొయ్యి మీద పడింది. భుజం నుంచి మోచేతి దాకా చర్మం ఊడింది. ఆశ్రమంలో ఆ వార్తకు వెంటనే భాష్యం తయారైంది. పూర్వకర్మ అన్నారు కొందరు. ప్రాణం దక్కిందంటే స్వామి మహిమేనన్నారు మరికొందరు. తప్పు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

తర్వాతి గురువారం వీరవేణి ఒక్కతే వచ్చి ఆసనం ముందు నిలబడింది. కాళ్ళకు మొక్కలేదు.

"మీరు ఆపమన్నారు కదండీ. మీరంటేనే ఆపేను."

స్వామి నవ్వారు.

ఆ నవ్వు చూసి వంటింటి గుమ్మంలో ఉన్న సుభద్రమ్మ చేతిలో గరిట అక్కడే పెట్టి వచ్చింది. సొరుగు లాగి, రెండు వందల మంది చూస్తుండగా నన్ను అన్నగారి కుడిచెవిలో పెట్టింది.

"రెండేళ్ళుగా అన్నయ్యకు వినపడదమ్మా. నువ్వడిగింది ఆయన వినలేదు. తెలిసీ నేను నోరు మూసుకున్నాను, ఆ పాపం నాది. ఇప్పుడు మళ్ళీ చెప్పు."

వీరవేణి మళ్ళీ చెప్పింది. పొయ్యి, పిల్ల, చెయ్యి. ఒక్క అక్షరం తగ్గకుండా నేను లోపల వేశాను. స్వామి ముఖం మీది నవ్వు ఊడిపోయింది. కింద ఒక భయపడిన ముసలాయన ఉన్నాడు.

"వినపడనప్పుడల్లా నవ్వుతానమ్మా," అన్నారు. "ఆపమని నేననలేదు... కాదు, అన్నట్టే. తల ఊపాను. ఏమడిగావని అడగడానికి సిగ్గేసింది."

నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఒక్క నిమిషం. అంతలో చక్రధరరావు లేచి చేతులు జోడించాడు.

"ఎంత నిరహంకారమండీ! తన లోపం తానే చెప్పుకునే మహాత్ముణ్ణి ఎక్కడైనా చూశామా?"

హాలంతా జయజయధ్వానాలు. నా ఖర్మ, వాటినీ నేనే చేరవెయ్యాలి. ఊడిన నవ్వు మెల్లగా తిరిగి రావడం దగ్గరుండి చూశాను.

మర్నాడు ఆయన్ను సుభద్రమ్మ ఆసుపత్రికి లాక్కెళ్ళింది. నర్సు కట్టు విప్పుతుంటే లోవ కేక పెట్టింది. స్వామి నన్ను తీసి జేబులో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ధ్యానంలోకి వెళ్ళారని వెంట వచ్చిన భక్తులు గుసగుసలాడారు. సుభద్రమ్మ మాత్రం అన్నను వదిలేసి పిల్ల తల పట్టుకుంది. ఆ తర్వాత ఆవిడ ఆశ్రమానికి రానేలేదు.

స్వామి మాత్రం ప్రతి గురువారం ఆ ఒప్పుకోలు చెప్పేవారు, ప్రతిసారీ ఒకే చోట కంటతడి పెట్టి. నాకు గాజుపెట్టె చేయించారు. "సత్యనిష్ఠకు చిహ్నం" అని పలక తగిలించారు. ఆయన చెవి ఖాళీ. నా ముందు మాత్రం కర్పూరం.

ఆరు నెలల తర్వాత వీరవేణి, లోవ వచ్చారు.

"సుభద్రమ్మగారు పంపేరండి. ఆ మిషను ఊరికే ఉందంట కదండీ. మా అమ్మకి వినపడదండి, ఇప్పిత్తారా?" అంది వీరవేణి.

"పూజలో ఉన్న వస్తువమ్మా," అన్నాడు చక్రధరరావు, మైల తగిలినట్టు వెనక్కి జరిగి.

లోవ తిన్నగా ఆసనం దగ్గరికి నడిచింది. కాలి ముడుతలు పడిన చేతిని గాజుపెట్టె వైపు చాపి గట్టిగా అడిగింది. "మా అమ్మమ్మకి ఇత్తారా తాతగారూ?"

స్వామి నవ్వారు. తల ఊపారు. ఆశీర్వదించారు.

పిల్ల ఆయన ముఖంలోకి కాసేపు పరకాయించి చూసి వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఈయనకి మళ్ళీ వినపళ్ళేదే."

"తెలుసు," అంది వీరవేణి. "పద, బస్సెల్లిపోద్ది."