ఆర్గన్ లేని పాట

వాల్తేరు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో నిలబడి ఉన్నాడు ఉపేంద్ర, కాళ్ళ కింద మాత్రం గచ్చుకి బదులు సముద్రపు తడి ఇసుక ఉంది, వేదిక మీద ఆర్గన్ ముందు ఆశీర్వాదం కూర్చుని ఉన్నాడు. అతను పోయి ఆరేళ్ళయిందని ఉపేంద్రకి తెలుసు, తెలిసినా అదిప్పుడు ఎత్తాల్సిన సంగతిలా అనిపించదు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే రాక్ బ్యాండ్‌లో వాయించారు. ఉపేంద్ర గిటార్, ఆదివారాలు చర్చిలో కీర్తనలు వాయించే ఆశీర్వాదం ఆర్గన్.

"ఇలా రా, ఇది విను," అంటాడు ఆశీర్వాదం.

మెట్టు నొక్కితే మొదట నున్నటి స్వరం వస్తుంది, అతను ఏదో మీట లాగగానే అందులో జీర పుడుతుంది, చేపల రేవులో పొద్దున్నించీ అరిచిన మనిషి గొంతులా.

"నున్నగా ఉంటే ప్రార్థనకి పనికొస్తాది. రాక్‌కి ఇలా బొంగురుపోవాల, గిటార్‌తో దెబ్బలాడాల. నీకేమో ఎనకాల ఎక్కడో, వినపడీ వినపడనట్టుండాల."

"నా టేస్టు అదీ," అనబోయి ఉపేంద్ర ఆగిపోతాడు. ముప్ఫై అయిదేళ్ళుగా అందరితో అంటున్న మాట అది.

హాలు గోడలు పల్చబడి, వాళ్ళ బ్యాండ్ పాట రికార్డు చేసిన మద్రాసు స్టూడియో అద్దాలవుతాయి, అద్దాల వెనక టేపు తిరుగుతూ ఉంటుంది, మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళిన ఆ గంటలో తను ఇంజనీరు పక్కన వంగి, పాటలోంచి ఆర్గన్ తీసేయమని చెప్పడం ఉపేంద్రకి కనిపిస్తుంది. ఆ భాగం టేపు పాడైందని అందరికీ చెప్పాడు. మరీ గట్టిగా వాయించి తనే పాడుచేశాననుకున్నాడు ఆశీర్వాదం. సెంట్రల్ స్టేషన్లో ఉపేంద్ర చేతులు పట్టుకుని క్షమించమన్నాడు, ఆ తర్వాత చర్చి దాటి ఎక్కడా వాయించలేదు.

"టేపు పాడవలేదు," అంటాడు ఉపేంద్ర తల వంచుకుని. "నేనే తీయించేసేను. నువ్వు వాయిస్తే నా గిటార్ ఎవడూ వినడనిపించింది. నువ్వు క్షమించమంటే కూడా నోరు మూసుకున్నాను."

ఆశీర్వాదం ముఖంలో కోపం కనిపించదు. నీళ్ళు అతని మోకాళ్ళ దాకా వచ్చాయి.

"అది సరేగానీ, ఒక్కటి చెప్పు. ఆవేళ నేను వాయించింది బాగుందా?"

తిట్టినా బాగుండేది. ఇంత వయసు మనిషి ఇంత బెరుగ్గా అడుగుతుంటే ఉపేంద్ర రెండడుగులు ముందుకేస్తాడు.

"బాగుంది," అంటాడు, ఆ మాట కెరటం హోరులో కలిసిపోతుంది, ఆశీర్వాదం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏటీ?" అంటాడు, ఇసుక జారిపోతుంటే ఉపేంద్ర పరిగెడుతూ అదే మాట మళ్ళీ మళ్ళీ అంటాడు, ఆర్గన్ దూరమవుతూనే ఉంటుంది.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం మూడయింది. మంచం చివర కూర్చుని హైమ బట్టలు మడతపెడుతోంది.

"నిద్దట్లో బాగుంది బాగుంది అంటన్నారు. ఏటి బాగుంది?"

"ఆశీర్వాదం ఆర్గన్," అన్నాడు భార్యతో.

ఆమె చేతులు ఆగాయి. "మీకది నచ్చదు కదా. ఆయన పోయినప్పుడు వాళ్ళావిడతో కూడా అదే అన్నారు."

ఉపేంద్ర లేచి కూర్చున్నాడు. హైమ వైపు చూడకుండా, "ఆవిడ నంబరుంటే ఒకసారి కలుపు," అన్నాడు.