గుడ్డు లేదు, సరే

హినానోకి కోడిగుడ్డు పడదు. నాలుగేళ్ళ పిల్ల, ఒక్క ముక్క నోట్లో పడినా ఊపిరాడదు. మా పసిపిల్లల బడిలో అలా ఏదో ఒకటి పడని పిల్లలు ఐదుగురు. పంతొమ్మిదేళ్ళుగా వండుతున్నదాన్ని కదా అని రెండేళ్ళ క్రితం వాళ్ళ పళ్ళేల బాధ్యత నాకిచ్చారు. అక్కడితో నా నిద్ర పోయింది. పక్క మీద వాలితే చాలు, ఎవరి పళ్ళెంలో ఏం పడిందోనని గుండె దడ.

మా ఊరి డాక్టరు నిద్రకి అర మాత్ర రాశాడు. మొదటి వారం ఒళ్ళు తెలియని నిద్ర. ఇన్నాళ్ళూ ఎందుకు వేసుకోలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. నాలుగు నెలలకి ఆ అర మాత్ర వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే. ఒకటి చేశాడు. కొన్నాళ్ళకి అదీ అంతే. ఇక పెంచను, మెల్లగా తగ్గిద్దాం అన్నాడాయన. నేను బుద్ధిగా తలూపి, మరుసటి వారం రైలెక్కి నగఓకా పట్నంలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా దేశంలో ప్రతి మనిషికీ ఒక మందుల పుస్తకం ఉంటుంది, ఏ షాపు మందిచ్చినా దాని చీటీ అందులో అంటిస్తారు. పాత చీటీలు కనబడకుండా, పుస్తకం పోయిందండీ అని అబద్ధమాడి అక్కడ కొత్తది పుట్టించాను. దాని అట్ట మీద కుందేలు బొమ్మ. యాభై ఆరేళ్ళ మనిషిని, దాన్ని బియ్యం డబ్బాలో దాచేదాన్ని. అప్పుడే సిగ్గుపడాల్సింది.

రెండు చోట్ల మాత్రలూ కలిపి మింగినా తెల్లవారకముందే మెలకువ వచ్చేది. మానేద్దామంటే రెండో రోజుకే చేతులు వణికేవి. నిద్ర లేకపోయినా మత్తు మాత్రం మధ్యాహ్నం దాకా వదిలేది కాదు.

పళ్ళెం బయటికి వెళ్ళేముందు ఒకరు దాన్ని వేలితో చూపిస్తూ పైకి చెప్పాలి, రెండోవాళ్ళు చూసి తిరిగి చెప్పాలి. అది మా పద్ధతి. జూన్‌లో ఒక మంగళవారం హినానో గులాబీ రంగు పళ్ళేనికి వేలు చూపించి, "గుడ్డు లేదు, సరే" అన్నాను. నా వేలి కిందే పచ్చగా గుడ్డట్టు ముక్క ఉంది. దాన్ని చూస్తూనే అన్నాను. నా జోడీ నాగుమో, ఇద్దరు పిల్లల తల్లి, నా మాట మీద తనూ "గుడ్డు లేదు, సరే" అంది.

పిల్ల పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు. అంబులెన్సులో తీసుకెళ్ళారు. సాయంత్రానికి గండం గడిచింది. తల్లి వచ్చినప్పుడు నాగుమో నడుం విరిగేలా వంగి, రెండో చూపు నాదే, తప్పు నాదే అంది. పక్కన నేనూ వంగాను. తేలు కుట్టిన దొంగలా నోరు మాత్రం మెదపలేదు.

శుక్రవారం నాగుమోని వంటగది నుంచి తీసేస్తున్నారని తెలిసింది. ఇంక ఉండలేకపోయాను. బడి పెద్దావిడ ఒనోజుకా గారి గదికెళ్ళి, రెండు పుస్తకాలూ ముందు పెట్టి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. నన్ను పళ్ళేల దగ్గరికి ఇక రావద్దంది. ఉన్నపళంగా మానేస్తే ప్రమాదమట, మొదటి డాక్టరుకి నిజం చెప్పి ఆయన చెప్పినట్టే తగ్గించుకోమంది. నాగుమోని తీసేయనని మాటిచ్చింది.

నాగుమో వంటగదిలో గరిటెలు కడుగుతోంది.

"నా తప్పు నీ నెత్తిన వేసుకున్నావు. నన్ను క్షమించు" అన్నాను.

"ఊరికే వేసుకోలేదండీ" అంది, తల ఎత్తకుండా. "మార్చి నుంచీ మీరు సరే అన్న ప్రతి పళ్ళెం మీరు అటు తిరిగాక మళ్ళీ చూస్తున్నాను. ఆ రోజు ఫోన్ వచ్చి చూడలేదు."

"మార్చి నుంచా? నాతో అనొచ్చుగా."

"ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. మీ అంతటి మనిషితో ఎలా అనమంటారు?"

ఇంకెవరికైనా తెలుసా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"హినానోకి తెలుసండీ" అంది నాగుమో. "వంటగది కిటికీలోంచి దాని పళ్ళెం మీరే ఇచ్చేవారు. ఆ పిల్ల మాత్రం నా వంక చూసేది. నేను తలూపితేనే అందుకునేది. మంగళవారం కూడా చూసింది. ఫోన్ చెవిన పెట్టుకునే తలూపాను."

నాలుగేళ్ళ పిల్ల నన్ను నమ్మడం మానేసి మూడు నెలలైంది. అన్నాళ్ళూ దానికి నేను నవ్వుతూనే పళ్ళెం అందించాను.