వాకిలి మీది బండ

కరువు మూడో ఏట, ఊళ్లో గంజి తొట్లు పెట్టిన కాలంలో, ఓబుళరెడ్డి మిద్దె లేచింది. వేంపల్లె చుట్టుపక్కల మనుషులూ పశువులూ ఎముకలు తేలి ఉంటే ఆ మిద్దె ఒక్కటే ఒళ్లు చేసింది. పూటకు రెండు గరిటెల సంగటికి జనం రాళ్లు మోశారు. అంతకు ముందే పల్లెవాళ్ల చేలన్నీ ఒక్కొక్కటిగా రెడ్డి గట్లలోకి చేరిపోయాయి. విశ్వాసమ్మ, ఆమె తమ్ముడు కంబన్న కలిసి చేసుకునే రెండెకరాలు రెండు మూటల కొర్రలకు పోయాయి. ఆ కొర్రలు నెల దాటి రాలేదు.

విశ్వాసమ్మకు ఇక మిగిలిన ఆస్తి చదువొక్కటే. అది బడిలో నేర్చింది కాదు. చనిపోయిన మొగుడు వదిలిపోయిన బైబిలు గ్రంథం ముందేసుకుని, గుడిలో పాదిరి నోట విన్న మాటలను అచ్చులో వెతుక్కుంటూ పదేళ్లు కూడబలుక్కుంది. ప్రవక్తల భాగమంటే ఆమెకు ప్రాణం. విర్రవీగేవాళ్లను దేవుడు ఎలా పడగొడతాడో చదివేటప్పుడు ఆమెకు తెలియకుండానే గొంతు పెరిగేది. పల్లెలో అక్షరం తెలిసింది తానొక్కతే అన్న సంగతి ఆమె ఎన్నడూ మరవలేదు, ఎవరినీ మరవనివ్వలేదు.

కంబన్నకు ఒక్క అక్షరం రాదు. కాని బండ మీద అతను చెక్కినంత అందంగా ఆ చుట్టుపట్ల ఎవరూ చెక్కరు. సమాధి బండైనా, పొలిమేర రాయైనా, అక్క సుద్దముక్కతో రాసిస్తే ఆ తెల్లగీత వెంబడి ఉలి నడిచేది. ఏం రాశావని అతను ఎన్నడూ అడగలేదు.

"అక్కా, రెడ్డి వాకిలి పైకి బండ కావాలన్నాడు. వాల్ల నాయన పేరు, తన పేరు, కట్టిన ఏడు. రాసియ్యి."

విశ్వాసమ్మ నల్లబండ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రెడ్డి వేలిముద్ర మనిషి. కరణం కళ్లు పోయి కడపలో కొడుకు దగ్గర పడి ఉన్నాడు. ఇక చదివేది దేవుడొక్కడే. ప్రవక్త మాటలను తన మాటల్లోకి కుదించి రాసింది: ఇంటికి ఇల్లు, చేనుకు చేను కలుపుకుంటూ పోయేవాడి వాకిట్లో గడ్డి మొలుస్తుంది.

"పేర్లు శానా పొడుగుండాయే!" అన్నాడు కంబన్న.

"పెద్దోల్ల పేర్లు అంతే లేరా. చెక్కు."

ఆరు రోజులు చెక్కాడు. విశ్వాసమ్మ ఆ ఆరు రోజులూ కడుపు నిండినట్టు తిరిగింది.

గృహప్రవేశం నాడు పల్లెవాళ్లంతా పందిరి బయట నిలబడ్డారు. రెడ్డికి కడప నుంచి వచ్చిన కొత్త కోడలు చదువుకున్న పిల్ల. తల పైకెత్తి, బస్సు మీది బోర్డు చదివినట్టు గట్టిగా చదివింది. సగానికి గొంతు సన్నగిల్లింది. మేళం ఆగిపోయింది.

"ఎవురు రాసిచ్చినారు రా ఇది?" అన్నాడు రెడ్డి.

తాను చెక్కింది పేర్లు కాదని కంబన్నకు అప్పుడే తెలిసింది. అక్క వైపు చూడలేదు.

"నేనే సామీ."

"నువ్వా! మా కొట్టంలో ఎద్దు చదువుతాదను, నమ్ముతా. ఏదీ, ఈడ రాయి చూద్దాం."

కంబన్న బొగ్గుముక్క తీసుకుని గచ్చు మీద వంగాడు. ఆరు రోజులు ఉలి నడిచిన దారినే వేళ్లు నడిచాయి. వంపూ సొంపూ తప్పకుండా, ఒక్క కొమ్మూ వదలకుండా మొత్తం గీసి లేచాడు. కోడలు చూసి, అవే అక్షరాలని తలూపింది.

రాసింది నేను. అనాల్సింది ఈ రెండే మాటలు. విశ్వాసమ్మ నోరు తెరిచింది. ప్రవక్తల మాటలు అంత గట్టిగా పలికిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న పొరుగింటి గంగక్క ఆమె ముఖం చూసి, చూపు తిప్పుకుంది.

కంబన్న చేతనే ఆ అక్షరాలు చెక్కి తీయించారు. లోతుగా దిగిన అక్షరాలు. మధ్యాహ్నం దాకా పట్టింది. పొద్దు గూకేలోగా అతన్ని పల్లె విడవమన్నారు.

ఉలులు మూటగట్టుకుంటూ అడిగాడు. "ఆ పిల్ల సగం మింగేసింది. సరిగ్గా చెప్పక్కా, నేను చెక్కిందేంది?"

చెప్పింది. అతను మూట ముడి బిగించాడు.

"బాగుండాది. గడ్డి ఎవురి వాకిట్లో మొలుస్తాదో మాత్రం నీ ప్రవక్త సరిగ్గా చూసుకోలే." నవ్వాడు. "నువ్వు నోరు మెదపకపోవడమే మేలైంది. మెదిపింటే ఇద్దరం పోవాల్సొచ్చేది."

ఇద్దరం పోయి ఉంటే బాగుండేదని ఆమె అప్పుడు కూడా అనలేదు.

బేతంచెర్ల బండల గనుల్లో ఉన్నాడని మొదట్లో బండ్లవాళ్లు చెప్పారు. తర్వాత అక్కడా లేడన్నారు. జాబు రాద్దామంటే అతనికి అక్షరం రాదు. ఆమెకు చిరునామా తెలియదు.

ఏడేళ్లయింది. ఓబుళరెడ్డి మిద్దె మీద ఇంకో అంతస్తు లేచింది. ఆ వాకిట్లో పూటకు నలభై విస్తర్లు లేస్తాయి. విశ్వాసమ్మ ప్రవక్తల భాగం తెరవడం మానేసింది. తెల్లవారగానే కంబన్న గుడిసె దగ్గరికి పోతుంది. తాళం లేని తలుపు ముందు గొంతుక్కూర్చుని, రాత్రికి రాత్రి మొలిచిన పల్లేరును, గరికను వేళ్లతో సహా పీకుతుంది. వాన పడిన మర్నాడు రెండుసార్లు పోతుంది.