కొత్త పెట్టని చిక్కుడు

కోసిన చిక్కుడుకాయలను సంచిలో కుక్కి మూతి కడుతుంటే, కోడలు పుష్పలత పందిరి గుంజ పట్టుకుని మెల్లగా అడిగింది.

"అత్తా, ఒక్క పిడికెడు ఉంచరాదా. కూర తినాలనుంది."

భీమక్క తలెత్తకుండా ముడి బిగించింది. "కొత్తల పండుగ కాకుండ ఎట్ల తింటవ్ బిడ్డా."

ఆ ఊళ్ళో కొత్త చిక్కుడు దేవరకు పెట్టనిదే ఎవరూ నోట పెట్టరు. అమ్మితే మాత్రం తప్పు లేదు. ఇల్లందులో ఎవరెవరో కొనుక్కుపోయి నువ్వుల పొడి వేసి వండుకోవచ్చు. ఆషాఢంలో గింజ పెట్టి, పందిరి వేసి, పేను పడితే బూడిద చల్లి పెంచిన ఇంట్లో మాత్రం వాసన రాకూడదు. పండుగ ఈపాటికి అయిపోవాల్సింది. ఊరికి పెద్దమనిషి, భీమక్కకు బావ అయిన దూలయ్య, తన అల్లుడికి లీవు దొరకలేదని రెండుసార్లు వాయిదా వేశాడు. అల్లుడి లీవు కోసం ఆగే దేవర, కోడలి ఐదు నెలల కడుపు కోసం ఒక్క పూట కళ్ళు మూసుకోదా అని భీమక్కకు అనిపించింది. అనిపించినందుకే భయమేసి లెంపలు వేసుకుంది.

కొడుకు చిరంజీవి సంచిని బండికి కట్టుకుంటూ భార్యతో అన్నాడు. "పెదనాయన మాట దాటుదామా? ఇంకో పది రోజులు ఓపిక పట్టరాదా."

ఓపిక. పుష్పలతకు నెల నుంచి అన్నం చూస్తేనే డోకు. మొన్న దవాఖానాలో ఇచ్చిన కార్డును చిరంజీవి చూడకుండానే అటకమీద పెట్టాడు. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్న భీమక్క దాన్ని దింపి, కూడబలుక్కుంటూ చదివింది. రక్తం ఏడున్నర. బరువు పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే.

బండి వెళ్ళిపోయాక గిన్నెలు తోముదామని పెరట్లోకి వెళితే, తడిక వెనక పుష్పలత గొంతుక్కూర్చుని పచ్చి చిక్కుడుకాయ నములుతోంది. అత్తను చూసి సగం కాయను నైటీ మడతలో దాచుకుంది.

"ఎవ్వలకు చెప్పకత్తా. ఇంక తినను."

ఆ ముఖం భీమక్క ఎరిగినదే. అలా నమిలిన నోరు తనకూ ఉంది. ముప్పై రెండేళ్ళ కింద, తొలి కడుపుతో, రెండంటే రెండు లేత కాయలు తింది. తోడికోడలు చూసి చెప్పింది. నలుగురిలో నిలబెట్టి దండుగ కింద కోడిని అడిగారు, ఇవ్వడానికి లేకపోయింది. తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజు జ్వరం వచ్చింది, తొమ్మిదో రోజు పోయింది. "నాలుకకు ఆగలేక పిల్లను మింగింది" అంది అత్త. "నీ చేతి కూడు తినాలంటే భయమైతుందే" అన్నాడు మొగుడు, అంటూనే మూడు పూటలా తిన్నాడు. చిరంజీవి పుట్టినా ఆ మాట పోలేదు. మొగుడు పోయాక ఇంకో మాట చేరింది, ముండమోసినదాని చెయ్యి పండుగ వంట వండే కొత్త కుండకు తగలొద్దని. పండుగనాడు ఆమె పెంచిన కాయలను గంపకెత్తి మగవాళ్ళు దేవర దగ్గరికి తీసుకుపోయేవారు. ఆమె దూరంగా నిలబడి, చివర్లో ఆకులో పడిన రెండు మెతుకులు తినేది. నిజంగా తానే చంపిందా? ఇన్నేళ్ళూ దుప్పటి కప్పుకుని తనను తానే అడుగుతూ వచ్చింది. ఇప్పుడు ఈ పిల్ల కూడా ఇలాగే అడుగుతూ ముసలిదవుతుంది.

"లే. పచ్చివి తింటే కడుపునొస్తది."

పందిరి కిందికి వెళ్ళి కొంగు నిండా కోసింది. ఈనెలు తీసింది, తుంచింది, వెల్లుల్లి, ఎండుమిర్చి దంచింది. ఈ పిల్లకు ఏమన్నా అయితే? పోపు చిటపటమన్న ప్రతిసారీ వాకిలి వైపు చూసింది. గట్టిగా మూత పెట్టినా వాసన ఆగలేదు. దూలయ్య ఇంటికీ వీళ్ళకూ మధ్య ఉన్నది దడి ఒక్కటే.

పుష్పలత రెండు ముద్దలు తిన్నదో లేదో, వాకిట్లో దగ్గు వినిపించింది.

"భీమక్కా, ఏంది ఆ వాసన?"

పుష్పలత కంచం మంచం కిందికి తోయబోయింది. భీమక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపి బయటికి వచ్చింది.

"చిక్కుడుకాయ కూర, బావ."

"కొత్త పెట్టకుండనా? ఎవలు తింటున్నరు?"

"కోడలు."

దూలయ్య గొంతు తగ్గించాడు. "తెలవక చేసిన, తప్పయిందని అను. రేపు ఒక కోడి ఇయ్యి. ఊరోళ్ళకు నేను చెప్పుకుంట. లేకుంటే పంచాయితీ అయితది, చిరంజీవికి తలవంపులు. నీకు ఎరుకనే గద, ముందు ఏమైందో."

తప్పయింది అనే మాట పెదవుల దాకా వచ్చింది. అంటే సరిపోతుంది, ఇల్లు నిలుస్తుంది, కొడుకు కోపగించుకోడు. అనడం ఆమెకు కొత్త కూడా కాదు.

"ఎరుకనే బావ" అంది. "జ్వరమొచ్చిన రెండు దినాలు భద్రాచలం దవాఖానాకు పోదామని నీ కాళ్ళు పట్టుకున్న. దండుగ కోడి తెగేదాక బిడ్డను గడప దాటియ్యొద్దన్నవు. కోడి దొరికేటాళ్ళకు బిడ్డ పోయింది. నేను చిక్కుడుకాయ తిన్న, గంతే. పంచాయితీ పెట్టు. అక్కడ గీ మాటే చెప్త."

దూలయ్య కండువా భుజాన సర్దుకుని, దడి వైపు నడిచాడు. రేపు ఊరంతా వస్తుందని ఆమెకు తెలుసు. సాయంత్రం కొడుకు వస్తాడని కూడా తెలుసు.

లోపల కూర గిన్నె అడుగున గరిటె గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. పుష్పలత మళ్ళీ వడ్డించుకుంటోంది.