టూరా ఇంటి గాలి

మంగళ, శుక్రవారాల్లో పని దిగగానే సోల్వాయ్ తన వ్యానును నేరుగా టూరా ఇంటికి తోలేది. గేటు బయటే టోపీ తీసి సీటు మీద పెట్టి, జుట్టు బిగించి ముడేసుకుని, అప్పుడు లోపల అడుగు పెట్టేది. ఆ ఇంటికి ఎవరు వెళ్ళినా అంతే. పోస్ట్‌మాన్ ఉత్తరాలను పిడికిట్లో నొక్కిపట్టి తెస్తాడు.

టూరా దీవుల మధ్య తిరిగే ఫెర్రీ మీద ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసింది. ఓడ రేవు దగ్గరికి వస్తుండగా, కొసన బరువు కట్టిన తాడును గట్టు మీది మనిషి చేతిలో పడేలా విసరడం ఆవిడ పని. ఆ తాడు ఒక్కసారి కూడా నీళ్ళలో పడలేదని ఇప్పటికీ రేవులో చెప్పుకుంటారు. ఆవిడ రిటైరైన రోజున ఓడ మీది గాలి ఒకటి వెనకాలే మెట్లు దిగి ఇంటికొచ్చేసింది. తొమ్మిదేళ్ళుగా ఆ పెరట్లోనే కాపురం. వీధిలో ఆకు కదలని పూట కూడా అక్కడ దుప్పట్లు తీగ మీద ఎగురుతుంటాయి. చలికాలం మాత్రం సామాన్ల కొట్టంలో పడుకుంటుంది.

సోల్వాయ్‌కి ముప్పై ఆరేళ్ళు. చెట్లెక్కి కొమ్మలు కోయడం వృత్తి. చెట్టెక్కే పోటీల్లో ఆమెను మించి ఎక్కేవాళ్ళు డెన్మార్క్ మొత్తం మీద నలుగురు ఉంటారేమో. చిక్కంతా తాడు విసిరే పోటీతోనే. సన్నతాడుకు సీసపు గుళ్ళు నింపిన చిన్న సంచి కట్టి, నేల మీంచి విసిరి, ఎక్కడో పైన ఎర్రగుడ్డ కట్టిన నాలుగు కొమ్మ పంగల మీదుగా, రెండు చిటారువి, రెండు కిందివి, వెయ్యాలి. ఉన్నది ఆరు నిమిషాలు. పదకొండేళ్ళుగా అక్కడే మార్కులు పోయి, ఒక్కసారీ తుది పోటీకి చేరలేదు. ఈసారి మోకాలు చూసిన డాక్టరు, పోటీలకు ఇదే ఆఖరు వేసవి అనుకోమన్నాడు.

అందుకే టూరా దగ్గరికి వచ్చింది.

"అంత తొందరేమిటి పిల్లా? చెట్టేమన్నా లేచి పోతోందా?" అంది టూరా, పెరట్లో బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ.

"టైము పోతోంది కదండీ."

"టైముకేసి విసురుతున్నావు మరి. చెట్టుకెలా తగులుతుంది?"

సోల్వాయ్ మళ్ళీ విసిరింది. సంచి మాపుల్ చెట్టు సగం దాకా చక్కగానే వెళ్ళింది. అక్కడ గాలి దాన్ని పక్కకి నెట్టి పళ్ళ పొదల్లో పడేసింది.

"మీ గాలికి నేనంటే గిట్టదు."

"దానికి గిట్టనివాళ్ళుంటే ఈపాటికి పైకప్పు ఎగిరేది. అదీ మనలాగే ఊపిరి తీసి వదులుతుంది. వదిలేశాక, మళ్ళీ తీసుకునే ముందు ఒక్క క్షణం ఊరుకుంటుంది. ఆ క్షణం నీది."

కప్పు కింద పెట్టి టూరా లేచింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నడుము ఒకవైపు ఒరిగిపోయింది. తాడును చుట్టలు చుట్టి సగం ఎడమ చేతిలో, సగం కుడి చేతిలో పట్టుకుంది. రావలసిన మనిషి వస్తాడులే అన్నట్టు నిలబడింది. ఆకులు సద్దుమణిగాయి. చెయ్యి పక్కగా, బద్ధకంగా ఊగింది. సంచి పైకి వెళ్ళి, చిటారు పంగలో కూర్చుని, అవతలి వైపు నుంచి మెల్లగా దిగొచ్చింది. సోల్వాయ్ మాపుల్ కొమ్మ మీద తాడు గీసిన గీత ఎంత తిన్నగా ఉందో చూస్తూ ఉండిపోయింది.

గేటు దగ్గర దగ్గు వినిపించింది. ఐనర్ టమాటాల బుట్టతో వచ్చాడు. వీధి చివర అద్దాల పందిరి కింద టమాటాలు పండించే పెద్దాయన. లోపలికి రాలేదు.

"అద్దాలన్నీ మళ్ళీ వేయించాను టూరా," అన్నాడు.

"సంతోషం."

"ఊరికే చెబుతున్నాను."

ఆయన వెళ్ళాక టూరా తనే చెప్పింది. రెండేళ్ళ కింద పెట్టె సర్దుకుని ఆయన ఇంటికి వెళ్ళిపోయిందట. గాలి వెనకాలే వచ్చింది. ఒక్క పూటలో పద్నాలుగు అద్దాలు పగిలాయి. పెట్టె తీసుకుని తిరిగొచ్చేసింది.

"ఎక్కడైనా వదిలెయ్యలేకపోయారా?"

"బతుకంతా నా మొహాన్ని రుద్దిన గాలి, అమ్మాయ్. ఎవరూ లేని చోట వదిలేస్తే ఏమైపోతుంది?"

జూన్ నెలలో పోటీ. ఒక పాత జమీందారీ భవనం తోటలో పెట్టారు. సగం దారిలో వ్యానులో కాగితాలు లేచి తిరగడం మొదలుపెట్టాయి. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. సోల్వాయ్ నిట్టూర్చి, "సరే, కూర్చో," అంది.

పొద్దుటి నుంచి అందరూ కదలని ఓక్ చెట్టుకు విసిరారు. ఆమె వంతు వచ్చేసరికి చెట్టంతా హోరెత్తింది. తీర్పరి బెర్టెల్ తలెత్తి చూశాడు.

"ఇది నీదా?"

"టూరాది. ఫెర్రీలో ఉండేది."

"గాలి తగ్గేదాకా ఆగుతావా? నిబంధనల్లో అభ్యంతరం లేదు."

"వద్దు. మొదలెట్టండి."

మొదటి రెండు విసుర్లూ తప్పాయి. రెండు నిమిషాలు గడిచాయి. అప్పుడు సోల్వాయ్ చేసిన పని చూసి జనం గుసగుసలాడారు. ఆమె తాడును చుట్టలు చుట్టి పట్టుకుని ఊరికే నిలబడింది. గడియారం వైపు చూడలేదు. పైన ఆకులు ఒకవైపు వాలాయి, లేచాయి, వాలాయి, ఆగాయి. చెయ్యి పక్కగా ఊగింది. సంచి చిటారు పంగలో పడింది. ఆమె మళ్ళీ నిలబడింది. గాలి మళ్ళీ ఊరుకుంది. రెండోదీ పడింది, తర్వాత కిందివి రెండూ. ఇంకా పదకొండు సెకన్లు మిగిలాయి. బెర్టెల్ పెన్ను జేబులో పెట్టి చప్పట్లు కొట్టాడు. తీర్పరులు కొట్టకూడదు.

సాయంత్రం టూరాకి ఫోన్ చేసింది.

"తుది పోటీకి వెళ్తున్నానండీ."

"వెళ్తావని తెలుసు. మా ఇంట్లో పొద్దుటి నుంచి తలుపు ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. నీ దగ్గరే ఉందా?"

సోల్వాయ్ తలెత్తింది. ఓక్ చిటారున ఒక్క కొమ్మ మాత్రం హాయిగా ఊగుతోంది.

"ఉంది. రేపు తీసుకొస్తాను."

"వద్దులే. రోజుకో చెట్టు ఎక్కేదానివి, నీ వెంట ఉంటే దానికి పొద్దు గడుస్తుంది. నా దగ్గర అది ముసలిదైపోతోంది."

ఫోన్లో గిన్నెల చప్పుడు, గుడ్లు ఎంతసేపు ఉడకాలని అడుగుతున్న మగగొంతు వినిపించాయి.

"ఎక్కడున్నారు మీరు?"

"అద్దాల కింద," అంది టూరా. గొంతు తగ్గించింది. "ఒక్క ఆకూ కదలడం లేదు పిల్లా. టమాటాల వాసన ఎక్కడిదక్కడే ఉంది."