నఫీసా బేగం నడిచిన కిలోమీటర్లు

“జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా, దసరా నాటికి ప్రతి ముప్పై కిలోమీటర్లకు ఒక చార్జింగ్ కేంద్రం. ఇది మా మాట.”

కార్లమ్మిన కంపెనీ ఈ మాటను జనగామ చౌరస్తాలో నిలువెత్తు బోర్డు మీద రాయించింది. దసరా వచ్చింది, పోయింది. బోర్డు కింది హోటల్లో పొద్దున్నే కరెంటు కార్లవాళ్లు చేరి చాయ్ తాగడం మాత్రం ఆగలేదు. పాడిబర్రెల సంగతి అడిగినట్టే ఒకర్నొకరు అడుగుతారు, నీది ఎంతిస్తందని. ఒక్క చార్జింగ్‌కు కంపెనీ మూడు వందల కిలోమీటర్లు చెప్పింది, రహ్మాన్‌ది రెండు వందల పది ఇస్తుంది. వీరేందర్‌ది నూట తొంభై, అదీ ఏసీ వెయ్యకుంటే. హారన్ కొట్టినా చార్జింగ్ తగ్గుతుందని వీరేందర్‌కు గట్టి నమ్మకం. ఎవరైనా అడ్డమొస్తే అద్దం దించి నోటితోనే అరుస్తాడు.

దినేశ్‌ది పాత బండి, నూట యాభై దాటదు. రాజనీతిశాస్త్రంలో ఎమ్మే చదివి, పొగలేని రేపటి కోసమని పట్టుబట్టి కొన్న బండి అది. ఆ రోజు అతను చాయ్ సగంలో వదిలేసి కొడకండ్లకు బయల్దేరాడు. అక్కడి శారదక్క బిడ్డ తేజస్వినిని భూపాలపల్లిలో దించాలి. జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష. రాత పరీక్షలో నెగ్గింది, ఇక మిగిలింది ఇదొక్కటే. రెండు గంటలకు గేటు మూస్తారు. తర్వాత ఎవరొచ్చినా తియ్యరు.

అదే ఊళ్లో నఫీసా బేగం కూడా బండెక్కింది, మహబూబాబాద్‌లో ఉన్న కూతురు అమ్రీన్ ఇంటికి. ఎక్కగానే అలవాటుగా చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. భుజాన గాజుల మలారం వేసుకుని నలభై ఏళ్లు ఊరూరా తిరిగి గాజులమ్మిన మనిషి. ఆ నడిచిన దారంతా ఆమె పాదాల్లోనే ఉంది. ఒట్టి కాళ్లు బండిలో ఆనించి తలుచుకుంటే దారి బండిలోకి చార్జింగై దిగుతుంది. పోయిన నెల యాకయ్య కరెంటు ఆటో ఆగిపోతే ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చింది. ఇచ్చిన దారి మాత్రం ఆమెకు ఇక యాదికుండదు. ఆ దారిలోని ఇళ్లూ, మనుషులూ దారితోపాటే పోతారు. అందుకని కొడకండ్లలో ఎవరూ ఊరికే అడగరు.

మహబూబాబాద్‌లో చార్జింగ్ పెట్టె ఉందని ఫోన్లో ఆకుపచ్చ గుర్తు వెలుగుతోంది. దాన్ని నమ్మే దినేశ్ ఈ దారి పట్టాడు. పెట్టె ఉంది కూడా. ఇంకా ప్లాస్టిక్ కవరు విప్పలేదు, దాని మీద కాకులు రెట్టలేశాయి. కనెక్షన్ ఇయ్యలేదని, ఎవరిదో సంతకం రావాలని కావలివాడు చెప్పాడు. ఒక్క సంతకానికి దసరా చాలలేదు, శివరాత్రీ చాలలేదు.

బండిలో నలభై ఆరు కిలోమీటర్లకే చార్జింగ్ మిగిలింది. భూపాలపల్లి ఇంకా నూట పది. టైం పదకొండు కావస్తోంది. ఎవరింట్లోనైనా ప్లగ్గు పెడితే ఆరు గంటలు పడుతుంది. బస్సుకు పోతే రెండుచోట్ల మారాలి, మూడు దాటుతుంది. వెలుగు హక్కు, భిక్ష కాదు అని దినేశ్ ఆ పెట్టె ముందర నిలబడి గొంతు చించుకున్నాడు. కావలివాడు తలూపి బీడీ ముట్టించుకున్నాడు.

తేజస్విని ఏడవలేదు. తాడు పట్టి పట్టి కాయలు కాసిన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది.

“బండి పోనీ బిడ్డా, నేనుండంగ రంది ఎందుకు?” అంది నఫీసా బేగం దినేశ్‌తో. “డెబ్బై అయితే సాలుతదా?”

“వద్దవ్వా. డెబ్బై ఇస్తే అండ్ల మా వాడకట్టు దారి గూడ పోతది. మా అమ్మ పెండ్లి గాజులు నువ్వే తొడిగినవు. అమ్మను మర్చిపోతవు,” అంది తేజస్విని.

“నేను మర్చిపోతే ఏందే, మీ అమ్మకు యాదుండదా? ఒక్కదాన్నే మొయ్యాల్నా అన్నీ? నడిచేది నేను నడిచిన. ఎక్కేది నువ్వు ఎక్కు.”

కూతురికి ఫోన్ చేసి సాయంత్రం వస్తానంది. రెండు పాదాలూ ఆనించి కళ్లు మూసుకుంది. నర్సంపేట దాటేసరికి చార్జింగ్ అంకె తగ్గడం మాని పెరగసాగింది. బండి నిండా ఎండిన మట్టిబాట వాసన. తనలోంచి పోతున్న ఇళ్లను ఆమె ఒక్కొక్కటిగా పేరుపెట్టి పిలిచింది. విజయ ఇల్లు, ఓదెమ్మ ఇల్లు, రేకుల షెడ్డు, చింతచెట్టు మలుపు. ములుగు దగ్గర ‘శారద’ అంది. అదే చివరి పేరు. దినేశ్ బండిని నిమ్మళంగా తోలాడు.

గేటు దగ్గర ఆగేసరికి రెండింటికి పన్నెండు నిమిషాలుంది.

తేజస్విని స్తంభాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని, మధ్యలో ఎక్కడా ఆగకుండా, కొస దాకా ఎక్కి పైనున్న ఇనుప పట్టీని తాకింది. కింద అధికారి కాగితం మీద టిక్కు పెట్టాడు. గోడ బయట నిలబడ్డ నఫీసా బేగం చెయ్యి అడ్డంపెట్టుకుని చూసింది.

“ఎవల బిడ్డరా గామె?”

దినేశ్ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. “శారదక్క బిడ్డ, కొడకండ్ల.”

“ఎవలో గని మంచిగెక్కింది. చేతులు చూడు ఎంత గట్టిగున్నయో. గాజులు రెండు-ఆరు సైజు పడతయి.”

ఆమెను మహబూబాబాద్ బస్సెక్కించడానికి వెళ్లేముందు దినేశ్ బండి బానెట్ మీద కాగితం పెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు. ఈసారి పెట్టెలో కరెంటు ఎప్పుడొస్తుందని అడగలేదు. ‘మీరు మాట తప్పినందుకు నఫీసా బేగం నడిచిన డెబ్బై కిలోమీటర్లు ఖర్చయినయి. అండ్ల ఒక ఊరు మొత్తమున్నది. దాన్ని ఆమెకు ఎట్ల తిరిగిస్తరో రాసి, సంతకం చేసి పంపాలె. గడువు జూన్ రెండో తారీకు, సాయంత్రం ఐదు గంటలు.’